అక్షరాలు లేని ఏడు పుస్తకాలు

పదవీ విరమణకు ఏడాది పైచిలుకు మిగిలి ఉండగా నన్ను పల్నాడులోని ఒక మండల కేంద్రపు శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. కరోనా తర్వాత గ్రంథాలయాలు మళ్లీ తెరుచుకుని కాస్త కుదుటపడిన రోజులవి. నేను ఛార్జి తీసుకున్నది ఏప్రిల్ నెలాఖరులో. ఊరి పేరు రాయను. ఇందులోని మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. పైగా చెప్పబోయేది నా పొరపాటు గురించి కాబట్టి మధ్యలో ఊరిని లాగడం ఎందుకు? మాచర్ల నుంచి బస్సులో ముప్పావు గంట ప్రయాణం, ఎండ విషయంలో రెంటచింతలకు ఏమాత్రం తీసిపోదు. ఈ రెండూ తెలిస్తే చాలు.

నా హోదా గ్రేడ్-2 గ్రంథపాలకుడు. హోదా వినడానికి బాగానే ఉంటుంది గానీ శాఖ మొత్తానికి ఉద్యోగిని నేనొక్కణ్ణే. ఊడ్చి, నీళ్లు పట్టి, పేపర్లు సర్దడానికి నాగేంద్రమ్మ అనే పార్ట్‌టైం మనిషి ఉండేది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పని, శుక్రవారం సెలవు. పొద్దున వచ్చేవాళ్లలో సగం మంది పేపరు కోసం, మిగతా సగం కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు. చిన్నపిల్లలు వచ్చేవాళ్లు కాదు. వాళ్లకోసం ఒక బీరువా ఉండేది, దాని తాళంచెవి ఎక్కడుందో నాగేంద్రమ్మకే తెలుసు.

మే నెలలో జిల్లా కేంద్రం నుంచి ఆ బీరువాకు రెండు అట్టపెట్టెల కొత్త పుస్తకాలొచ్చాయి. అన్నీ చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలే. గ్రంథాలయానికి కొత్త పుస్తకం వస్తే దాన్ని నేరుగా అరలో పెట్టరు. ముందు జాబితాతో పోల్చి చూడాలి. తర్వాత పుట పుటా తిప్పాలి. ఎక్కడైనా పుట ఖాళీగా వచ్చిందా, అచ్చు మసకబారిందా, ఒక ఫారం, అంటే కలిపి మడిచిన పుటల కట్ట, తలకిందులుగా కుట్టారా, కథ మధ్యలో తెగిందా అని చూడాలి. దీన్ని మేం పుటలు సరిచూడటం అంటాం. అన్నీ సరిగా ఉంటే యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించి నంబరు వేస్తాం. ఆ నంబరు పడ్డాకే అది గ్రంథాలయం పుస్తకం. లోపముంటే నంబరు వేయకుండా పక్కన పెట్టి, ఏ లోపమో రాసి వెనక్కి పంపిస్తాం. నంబరు పడని పుస్తకాన్ని పాఠకుడి చేతికి ఇవ్వకూడదు.

పుటలు సరిచూడటంలో నాకు పేరుంది. పేరంటే మామూలు పేరు కాదు. గతంలో పనిచేసిన శాఖలో ఒక నిఘంటువులో ఎనిమిది పుటలు రెండుసార్లు వచ్చాయని పట్టుకుంటే పై అధికారి మీటింగులో నన్ను లేపి నిలబెట్టి మరీ చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నా చెవుల్లో చాలా ఏళ్లు ఉండిపోయాయి. అదే కొంప ముంచింది.

ఆ రెండు పెట్టెల్లో ఏడు పుస్తకాలు లోపభూయిష్టంగా ఉన్నాయని తేల్చాను. అట్ట మీద పేరు ఉంది. లోపల రంగురంగుల బొమ్మలున్నాయి. ఒక్క అక్షరం లేదు. ఇరవై నాలుగు పుటలు తిప్పినా ఒక్క మాట లేదు. రంగులన్నీ పడి నల్ల సిరా పడకపోతే ఇలాగే వస్తుంది, ప్రెస్సులో జరిగే పొరపాటే ఇది, నాకు తెలుసు. ఒకటి కాదు ఏడు పేర్ల మీద ఇలా వచ్చాయంటే ఎంత నిర్లక్ష్యం అని మండిపడ్డాను. ఆ ఏడింట్లో ఒకటి బస్సెక్కిన మేక పుస్తకం. దానికైతే ఇంకో లోపం కూడా రాశాను. మధ్యలో ఒకచోట బస్సులో జనమంతా ఏ కారణమూ లేకుండా రోడ్డు మీద దిగి నిలబడి ఉన్నారు. ‘కథకు సంబంధం లేని పుట, వేరే పుస్తకంలోది కావచ్చు’ అని రాశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మా శాఖల గ్రంథపాలకులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఫొటో తీసి పెట్టి, ‘అక్షరాలు ముద్రణ కాలేదు. అందరూ సరిచూసుకోగలరు’ అని రాశాను. సాయంత్రానికి బొటనవేళ్లు వరుసకట్టాయి. మా శాఖలోనూ ఇంతే సార్ అని ఒకరు, మీరు చెప్పకపోతే చూసుకునేవాళ్లమే కాదు అని ఇంకొకరు. సీనియర్ని గదా, ఎవరూ అనుమానించలేదు. గురువారం మా శాఖకు వ్యాను వస్తుందనీ, లోపమున్నవన్నీ కట్టకట్టి ఇవ్వాలనీ జిల్లా కేంద్రం నుంచి మెసేజ్ వచ్చింది. నేను ఏడింటినీ పురికొసతో కట్టి, పైన చీటీ అంటించి, బల్ల కింద పెట్టాను. మనసు నిండుగా ఉంది.

మంగళవారం పొద్దున పేపరు జనం వెళ్లిపోయాక మస్తాన్ వచ్చాడు. మా గ్రంథాలయానికి ఎదురుగా రోడ్డవతల టూవీలర్ మెకానిక్ షెడ్డు అతనిదే. ముప్పై ఏళ్లుంటాయి. నేను ఊరికి వచ్చిన మర్నాడే నా పాత స్కూటర్ అతని చేతిలో పడింది, అప్పటినుంచి మాటలు కలిశాయి. బండి చప్పుడు విని లోపం చెప్పే రకం. దూరం నుంచి వస్తుంటేనే “సార్, మీ బండి సైలెన్సర్ వదులైంది” అని కేకేసేవాడు. అలాంటి మనిషి లోపలికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

“సార్, అక్షరాలు లేని పుస్తకం ఏదన్నా ఉంటదా?”

నాకు నవ్వొచ్చింది. అక్షరాలు లేకపోతే అది పుస్తకం ఎలా అవుతుందయ్యా అన్నాను. అతను నవ్వలేదు. అప్పుడు కూర్చోమని అసలు సంగతి అడిగాను.

అతను రెండో తరగతిలో బడి మానేసి నరసరావుపేటలో మేనమామ షెడ్డుకు పోయాడు. పేరు సంతకం చేయడం వచ్చు. స్పేర్ పార్టుల డబ్బాల మీది పేర్లు ఆకారాన్ని బట్టి గుర్తుపడతాడు. అంతకుమించి చదవడం రాదు. ఊళ్లో ఈ సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. భార్య పదో తరగతి దాకా చదివింది. కూతురు ఆఫ్రీన్‌కు అయిదేళ్లు, వచ్చే నెల ఒకటో తరగతిలో చేరబోతోంది. రోజూ తల్లి ఏదో ఒక పుస్తకం చదివి వినిపిస్తుంది. ఏడాదిగా ఆ పిల్ల తండ్రి దగ్గరికి వచ్చి నువ్వు చదువు అబ్బా అంటోంది.

“చేతులకి గ్రీజుందమ్మా, పుస్తకం ఖరాబైద్ది అని చెప్పుకుంటా వచ్చినా సార్. ఏడాదంతా అదే చెప్పినా. మొన్న ఏం చేసిందో తెలుసా? ఒక చేతిలో సబ్బు, ఒక చేతిలో తడిగుడ్డ తెచ్చి నా ముందర నిలబడింది. చేతులు తనే కడిగింది. అప్పుడేం చెప్పాలి? బేరమొచ్చిందని లేచి పోయినా. బేరం యాడిది, ఉత్తదే.”

నిజం చెప్పేస్తే పోదా అన్నాను. అతను చాలాసేపు గోళ్లలోని నలుపు చూసుకున్నాడు. “చెప్పాలనే ఉంది సార్. బళ్లో ఏసినాక ఎట్టాగూ తెలుసుద్ది. కానీ ఒక్కసారన్నా నా పక్కన కూర్చుని నేను చదివితే ఇన్నాక తెలిస్తే బాగుండని. ముందే తెలిస్తే ఇంక అడగదు గదా” అన్నాడు. నాకూ ఆడపిల్లలే.

గది ఊడుస్తున్న నాగేంద్రమ్మ చీపురు ఆపింది. “సారూ, ఆ బల్ల కిందియ్యి ఉండయ్యి గదా, పాడైపోయినయ్యి? వాటిల్లో ఒక్క ముక్క కూడా లేదని మీరేగా రెండ్రోజుల నుంచి తిడతన్నారు” అంది.

నేను వద్దన్నాను. అవి లోపమున్నవి, వాటికి నంబరు పడలేదు, గురువారం వెళ్లిపోతాయి అన్నాను. ఒక్కసారి చూస్తే తప్పేముంది అని ఆవిడే వంగి కట్ట బయటికి లాగింది. నేను విసుక్కుంటూనే పురికొస విప్పాను. మస్తాన్ లుంగీ అంచుకు చేతులు రెండువైపులా తుడుచుకుని మేక పుస్తకం అందుకున్నాడు. నేను రిజిస్టరు రాసుకుంటున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. మొదటి పుట దగ్గర చాలాసేపు ఆగాడు. రెండో పుట తిప్పి, మళ్లీ మొదటిదానికి వెనక్కి వెళ్లాడు. అక్కడినుంచి ముందుకు పోతూ, ఒకచోట గట్టిగా నవ్వాడు.

“ఇది బాగానే ఉంది గదా సార్. ఇందులో ఏం పోలేదు.”

అక్షరాలు పోయాయి కదయ్యా అన్నాను. రోడ్డు మీద జనం నిలబడిన పుట తీసి, ఇదిగో, దీనికీ కథకీ సంబంధం ఏముందో చెప్పు అని కూడా అన్నాను. అధికారం చూపించే గొంతుతోనే అన్నాను.

మస్తాన్ పుస్తకాన్ని నావైపు తిప్పాడు. “టైరు చూడండి” అన్నాడు. చూశాను. బస్సు వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉంది. అతను ఒక్కొక్క పుటా వెనక్కి తిప్పాడు. దాని ముందు పుటలో టైరు సగం దిగి ఉంది. దానికి ముందు కొంచెం. మొదట్లో నిండుగా ఉంది. “పంచరు సార్. ఒక్కసారే పేల్లేదు, మెల్లంగా గాలి దిగింది. గూటం గుచ్చుకుంటే అట్టాగే దిగుద్ది” అని మొట్టమొదటి పుటకు తీసుకెళ్లాడు. మేక మెడలో తాడు, తాడు చివర కట్టేసే ఇనుప గూటం. రెండో పుటలో, మేకను తెచ్చిన ముసలమ్మ వెనకాలే అది బస్సెక్కుతున్నప్పుడు తాడుంది, గూటం లేదు. గూటం వెనక టైరు కింద పడి ఉంది. వేలెడంత బొమ్మ. నేను మూడుసార్లు తిప్పిన పుస్తకంలో ఒక్కసారి కూడా నా కంటపడలేదు.

“టైరు మార్చేదాకా జనం దిగి నిలబడ్డారు. ఈలోపల ఇదేం చేసిందో చూడండి” అని తర్వాతి పుట చూపించాడు. మేక బస్సు ముందుభాగానికి కట్టిన బంతిపూల దండ తినేస్తోంది. నాగేంద్రమ్మ చీపురు పట్టుకునే వచ్చి చూసి, దాని దుంపతెగ అంది. మస్తాన్ మిగతా పుటలు కూడా చివరిదాకా చెప్పాడు. ఎక్కడా తెగలేదు, కథ నున్నగా నడిచింది.

నాకు సిగ్గేసింది. తలెత్తి చూడలేనంత సిగ్గేసింది. కానీ ఆ సిగ్గుతో నేను చేసిన పని ఇంకా సిగ్గుపడాల్సింది. గ్రూపులో అందరికీ చెప్పేశాను, రిపోర్టు పంపించాను, ఇప్పుడు పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయంటే ఇంత సర్వీసున్న గ్రంథపాలకుడికి బొమ్మల పుస్తకం తెలియలేదని జిల్లా అంతా నవ్వుతుంది. రిటైర్మెంట్ కాగితాలు కదిలే సమయంలో ఫైల్లో ఒక రిమార్కు కూడా చేరుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో మనసులో తిరిగింది. నంబరు లేని పుస్తకం ఇవ్వడానికి రూలు ఒప్పుకోదయ్యా అని పుస్తకం వెనక్కి తీసుకున్నాను.

“సరే సార్, రూలు రూలే గదా” అని అతను లేచాడు. కోపం చూపించలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆ కట్టవైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నాగేంద్రమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది.

బుధవారం సాయంత్రం స్కూటర్ క్లచ్ వైరు తెగింది. వేరే దిక్కులేదు, నెట్టుకుంటూ మస్తాన్ షెడ్డుకే వెళ్లాను. ఎప్పటిలాగే స్టూలు వేసి కూర్చోబెట్టి పనిలో పడ్డాడు. కాసేపటికి ఆఫ్రీన్ వచ్చింది. రెండు పిలకలు, ఒక పిలకకు రిబ్బను ఊడి ఉంది. చేతిలో సబ్బు, తడిగుడ్డ. చంకలో ఒక పుస్తకం. తండ్రి చెప్పింది నేను విన్నాను గానీ ఆ సరంజామాతో పిల్లను కళ్లారా చూడటం వేరు.

“అబ్బా, చేతులు ఇటియ్యి.”

“సార్ బండి ఉందమ్మా. రేపు.”

“రోజూ రేపే అంటావు” అని ఆ పిల్ల అక్కడే నిలబడింది. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు లైబ్రరీ సార్‌వి కదా?” అంది. అవునన్నాను. “అయితే నువ్వు చెప్పు. మా అబ్బాకి చదువు రాదంట. పక్కింటి కరిష్మా అంది. వచ్చా, రాదా?”

మస్తాన్ చేతిలో పానా ఆగిపోయింది. అతను తలెత్తలేదు. పిల్ల మాత్రం నా మొహంలోకే చూస్తోంది. పిల్లలు అలా చూసినప్పుడు తప్పించుకోవడానికి ఏ రూలూ పనికిరాదు. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు, అవసరమూ రాలేదు.

“నిన్న మీ అబ్బా మా లైబ్రరీకి వచ్చి ఒక పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివి చెప్పాడమ్మా. అది నేను మూడుసార్లు చూసినా నాకు అర్థం కాలేదు. మీ అబ్బా చెబితేనే అర్థమైంది” అన్నాను.

“ఏం పుస్తకం?”

“మేకది. రేపు సాయంత్రం నువ్వూ రా. మీ అబ్బా ఇంటికి తెచ్చి చదువుతాడు.”

ఆఫ్రీన్ ఇంకేమీ అడగలేదు. సబ్బు, గుడ్డ అక్కడే పెట్టి, కరిష్మాకు చెప్పడానికి పరుగు తీసింది. మస్తాన్ క్లచ్ వైరు బిగించి, బండి స్టార్టు చేసి చూసి, సీటు గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. చిన్నపిల్లకు మాటిచ్చేశాను, వ్యాను పొద్దున్నే వస్తుంది.

గురువారం తాళం తీస్తూనే ముందు గ్రూపులో మెసేజ్ పెట్టాను. ‘అక్షరాలు లేని పుస్తకాలలో ముద్రణ లోపం ఏదీ లేదు. అవి బొమ్మలతోనే కథ చెప్పే పుస్తకాలు. లోపం నా అవగాహనలో ఉంది. ఎవరూ వెనక్కి పంపవద్దు.’ నాలుగు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. ఈసారి బొటనవేళ్లు రాలేదు. తర్వాత ఒకరు, మా శాఖవి నిన్ననే వ్యానులో వెళ్లిపోయాయి సార్, ఇప్పుడెలా అన్నారు. పదింటికి వ్యాను మా గుమ్మం ముందు ఆగితే, ఇవ్వవలసిన కట్ట ఇవ్వకపోగా డ్రైవర్ని బతిమాలి, అదే వ్యానులో ఉన్న ఆ శాఖ కట్ట కూడా దింపించి రశీదు రాసిచ్చాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

పదకొండు కాకముందే జిల్లా కేంద్రం నుంచి పై అధికారి ఫోను చేశారు. ఫొటో పెట్టింది మీరే కదా అన్నారు. నేనేనన్నాను. మరి అవి సరిగ్గా ఉన్నాయని ఇప్పుడెవరు చెప్పారు అని అడిగారు. “ఒక పాఠకుడు సార్” అన్నాను. ఆయన లిఖితపూర్వకంగా సంజాయిషీ పంపమన్నారు. ఒకటిన్నర పుట రాసి పంపాను. అందులో టైరు సంగతి కూడా వివరంగా రాశాను. అది నా ఫైల్లో చేరింది. రిటైర్మెంట్ కాగితాలు దానివల్ల ఆగలేదు. అయితే తర్వాతి మీటింగులో మేక ఎలా ఉంది సార్ అని నన్ను అడగని సహోద్యోగి లేడు. అడిగినవాళ్లందరూ అప్పటికి ఆ పుస్తకం తెరిచి చూశారని నాకు సంతోషంగానే ఉండింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోకుండా ఏడింటికీ యాక్సెషన్ నంబర్లు వేశాను. గ్రంథాలయం ముద్ర మామూలుగా లోపలి పుటల మీద కూడా వేస్తాం. ఏ పుట తీసినా ఏదో ఒక బొమ్మ మీద పడేట్టుంది. గూటం మీద పడితే కథే పోతుంది. అందుకని వెనక అట్ట లోపలివైపు మాత్రం వేశాను. తేదీ చీటీ అంటించాను. సాయంత్రం నాలుగింటికి తలుపు తీసేసరికి ఆఫ్రీన్ అప్పటికే మెట్ల మీద ఉంది. మస్తాన్ చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. సభ్యత్వ కాగితం మీద సంతకం చేశాడు. నేను పుస్తకం అతని చేతికిచ్చాను, కూతురి చేతికివ్వలేదు.

ఇంటిదాకా ఆగలేదు ఆ పిల్ల. షెడ్డు ముందు టైరు మీద తండ్రిని కూర్చోబెట్టి, పక్కన ఆనుకుని కూర్చుంది. నేను కిటికీ రెక్కలు సర్దుతూ నిలబడ్డాను. సర్దాల్సింది ఏమీ లేదు. మస్తాన్ మొదటి పుట తెరిచి గొంతు సవరించుకున్నాడు. మొదట్లో తడబడ్డాడు. తర్వాత ముసలమ్మ గొంతు ఒకటి, కండక్టరు గొంతు ఒకటి పెట్టి చెప్పసాగాడు. ఒకచోట ఆఫ్రీన్ “ఆగబ్బా, టైరు చూడు, టైరు!” అని అరిచింది. అతను చూపించకముందే పిల్ల పట్టేసింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు.

మర్నాడు శుక్రవారం, సెలవు. శనివారం పొద్దునే ఆఫ్రీన్ ఫిర్యాదుతో వచ్చింది. ముసలమ్మ సంతకు పోతోందని అబ్బా చెప్పాడట, పెళ్లికి పోతోందని అమ్మ చెప్పిందట. ఏది నిజమో నన్ను తేల్చమంది. రెండూ నిజమే కావచ్చన్నాను. “రెండూ ఎట్టా అయితయ్?” అని నన్ను పట్టుకుని నిలదీసింది. నీకేమనిపిస్తోంది అని అడిగితే, ముసలమ్మ ఎక్కడికీ పోవడం లేదనీ, మేకకు బస్సు చూపించడానికే ఎక్కిందనీ చెప్పింది. అప్పటినుంచి ఆ బీరువా తాళంచెవి నా బల్ల సొరుగులోకి వచ్చింది. ఆఫ్రీన్ వెంట కరిష్మా వచ్చింది, కరిష్మా వెంట ఇంకొందరు, వాళ్ల వెంట పొలం పని నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చారు. వాళ్లలో చాలామందికి చదవడం రాదు. వాళ్లు ఒడిలో పిల్లనేసుకుని పుటలు తిప్పుతూ కథలు చెబుతుంటే, గ్రూప్స్ కుర్రాళ్లు సైలెన్స్ అని విసుక్కునేవాళ్లు. ఇన్నేళ్లు పనిచేసిన ప్రతి శాఖలోనూ గోడ మీద ‘నిశ్శబ్దం’ బోర్డు నేనే కొట్టించాను. ఇక్కడిదాన్ని సాయంత్రం పూట ఒక గంట గోడకేసి తిప్పి పెట్టాను.

ఏడు పుస్తకాలూ పూర్తయ్యేసరికి జూలై వచ్చింది. ఆఫ్రీన్ బడికి పోతోంది, పలక మీద అ, ఆలు దిద్దుతోంది. ఒక సాయంత్రం మస్తాన్ ఒక్కడే వచ్చి ఏడోది తిరిగిచ్చి, ఈసారి అక్షరాలున్నది ఇవ్వమన్నాడు. ఎవరు చదువుతారు అని అడిగాను.

“వాళ్లమ్మ చదువుద్ది. పాప కూడా గుణించుకుంటది. నాకు చదవను రాదని నిన్న చెప్పేసినా సార్.”

ఏమంది అని అడగడానికి నాకు కొంచెం భయమేసింది. అతనే చెప్పాడు.

“మరి ఇన్నాళ్లూ ఏం చదివావబ్బా అంది. బొమ్మలు చదివినా తల్లీ అన్నా. కాసేపు ఆలోచించింది సార్. అయితే నేను నీకు అక్షరాలు చెబుతా, నువ్వు నాకది నేర్పు అంది.”

పుటలు సరిచూడటమంటే పుస్తకంలో ఏమేమి లేవో పట్టుకోవడమని ఉద్యోగమంతా అనుకున్నాను. ఏముందో ముందు చూడాలని, అది కూడా ఆ పుస్తకం ఎవరి ఒడిలోకి పోతుందో వాళ్ల కళ్లతో చూడాలని ఆ వేసవిలో తెలిసింది. మిగిలిన సర్వీసులో పిల్లల పుస్తకాలు ఎప్పుడొచ్చినా, నంబరు వేసే ముందు ఒక చిన్నపిల్లనో, చదవడం రాని పెద్దమనిషినో పిలిచి చేతికిచ్చి, వాళ్లు ఎక్కడ ఆగుతారో చూశాను. మా రూలు పుస్తకంలో ఆ పద్ధతి లేదు. ఉండాలి.